బోర్డు మీద పద్నాలుగు బిళ్ళలు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు ముందు రిటైరవుతారు, శాలువా కప్పించుకుంటారు, ఆ తరువాత తీరిగ్గా మొదలుపెడతారు. నేను ముప్పై ఒకటో ఏటే మానేశాను. శాలువా లేదు. మా సెక్షన్ వాళ్ళు ఒక గోడ గడియారం ఇచ్చారు. అది ఐదు నిమిషాలు వెనక నడుస్తుంది, మా ఆఫీసు లాగే.

పాప నిద్రపోయినంతసేపే నాకు రాసే వీలు. మధ్యలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వస్తుంటాను. ఎక్కడైనా మాట తెగినట్టుంటే అందుకే అనుకోండి.

నేను ఖాళీ చేసిన కుర్చీలోకి మొన్న ఒక అమ్మాయి వచ్చిందట. నాలాగే ప్లానింగ్ చదువుకుంది. నా నంబరు ఎవరో ఇస్తే ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ పని ఎట్లుంటుంది? ఏమైనా చెప్పండి" అని అడిగింది. "బాగుంటుంది" అన్నాను. అది అబద్ధం కాదు గానీ చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఇది.

బంగారు గనుల ఊళ్ళ పని చూసే ఒక ఆఫీసులో, కట్టడాల అనుమతుల సెక్షన్‌లో, నేను ఒప్పందం మీద చేరాను. నా కుర్చీ ఎదురుగా గోడంతా ఊరి పటం ఉండేది. ఇళ్ళకు పసుపు, అంగళ్ళకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, బడులకూ ఆసుపత్రులకూ ఎరుపు. కాలేజీలో ఆ రంగులను నమ్మి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఊరు రంగు దాటిందంటే తప్పు ఊరిదే అని నా అభిప్రాయం.

మా సెక్షన్ పెద్దాయనకు ఆ పటం గోడ మీద బూజు కనపడకుండా పనికొచ్చేది. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఆయన టేబుల్ పక్కన ఒక ఇనుప అర ఉండేది. అందులో పెట్టిన ఫైలు మళ్ళీ టేబుల్ ఎక్కేది కాదు. ఆఫీసులో దానికి ఊరగాయ అర అని పేరు. ఇంటిముందు మెట్టు కట్టినారని ఒకరు, పొరుగువాడు గోడకు ఆనించి పశువులను కట్టేస్తున్నాడని ఇంకొకరు పెట్టిన అర్జీలన్నీ అక్కడే ఉండేవి. మూడు నెలలు పోయాక అర్జీ పెట్టినవాళ్ళే వచ్చి, "మేము రాజీ అయితిమి సార్" అని చెప్పి పోయేవాళ్ళు.

"సార్, ఇట్లా పెట్టుకుంటే తప్పు కదా" అని ఒకసారి అడిగాను.

"మామిడికాయ కోసిన దినమే తింటే నోట్లో పండ్లు జివ్వుమంటాయమ్మా," అన్నాడాయన. "కొన్నింటిని ఊరనియ్యాల."

ఆయన చేయి తడుపుకుంటున్నాడేమోనని నేను చాలా రోజులు అనుమానించాను. మధ్యాహ్నం క్యారియర్ విప్పినప్పుడు కూడా ఓరకంట చూశాను. రాగి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తప్ప ఏమీ దొరకలేదు.

ఒక రోజు గనుల ఊళ్ళలో ఒకటైన ఊరిగాం నుంచి అర్జీ వచ్చింది. పాత గని కంపెనీ కూలీలకు కట్టిన ఇళ్ళ లైన్లలో ఒక ఆవిడ ఇంట్లో 'అనధికార వాణిజ్య కార్యకలాపం' నడుపుతోందని, చర్య తీసుకోవాలని. పెద్దాయన చదివి నవ్వాడు.

"ఈ మాటలు ఆఫీసు ముందర కూర్చుని అర్జీలు రాసే రైటరువి. అర్జీ పెట్టిన ముసలాయన గలాటా అని చెప్పుంటాడు, వీడు వాణిజ్యం అని రాసినాడు. రాత్రంతా ఏటీఎం కాడ కాపలా కాసి, పగలు పండుకునే మనిషంట. పక్కింట్లో పిల్లోళ్ళ అరుపులకు నిద్ర పట్టలా. అంతే కత."

ఫైలు ఊరగాయ అరలోకి పోయింది. నాకు మనసు నిలవలేదు. మరుసటి రోజు భోజనం కాగానే స్కూటర్ తీసుకుని నేనే బయలుదేరాను. అప్పుడు రెండు గంటలైంది. ఈ రెండు గంటలు గుర్తుపెట్టుకోండి.

ఆ లైన్ సందులో రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకరు దిగాలి. రేకుల ఇల్లు, ముందు గది. గదినిండా పిల్లలు. కొందరు చాప మీద పడుకున్నారు, కొందరు పళ్ళేల్లో అన్నం కలుపుతున్నారు, ఒకడు గుమ్మంలో కూర్చుని ఏడుస్తున్నాడు. ఆ ఇంటావిడకు నలభై ఐదేళ్ళు ఉంటాయేమో. చంకలో ఒకణ్ణి వేసుకునే నాకు కుర్చీ జరిపింది.

మా జిల్లా నరసాపురం ఫ్యాక్టరీలకు కంపెనీ బస్సెక్కి పోయే ఆడవాళ్ళ పిల్లలట వాళ్ళు. ఈ లైన్‌లో గనులు నడిచిన రోజుల నుంచీ ఒకరి పిల్లలను ఇంకొకరు చూసుకునే అలవాటు ఉందని, తనను కూడా అట్లాగే పెంచారని చెప్పింది. తల్లులు ఇచ్చింది తీసుకుంటుంది. బియ్యం ఇచ్చేవాళ్ళు బియ్యమే ఇస్తారు.

గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. వరుసగా మేకులు, మేకులకు ఇత్తడి బిళ్ళలు, బిళ్ళల మీద అంకెలు. అది నేను గుర్తుపట్టాను. మా తాత కూడా గనిలో పనిచేసినవాడే. చిత్తూరు పక్క నుంచి వచ్చి ఇక్కడ భూమిలోకి దిగాడు. దిగేముందు తన బిళ్ళను బోర్డుకు తగిలించి పోవాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయిపోయినా బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు చేతిలో పని ఆపేసేది.

"మా నాయన పనిచేసిన చోట పారేస్తాండే బోర్డు ఇది అమ్మా," అంది ఆవిడ. "పిల్లోణ్ణి వదిలేటప్పుడు తల్లి బిళ్ళ తగిలిస్తాది, పిలుచుకొని పోయేటప్పుడు తీసుకొని పోతాది. బోర్డు ఖాళీ అయితే నాకు నెమ్మది."

నేను బిళ్ళలు లెక్కపెట్టాను. పద్నాలుగు. పుస్తకంలో రాసుకున్నాను.

అది చూసి ఆమె ముఖం మారింది. "ఏం రాస్తాండావమ్మా? మూసేయమంటారా?"

"లేదక్కా. మీరు చేసేది మంచి పని. సరిగ్గా రాస్తే దీనికి లైసెన్సు వస్తుంది. అప్పుడు ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు."

"లైసెన్సు యేమిటికి మా, సుమ్మనే, అట్లే జరుగుతాండాది కదా."

"కాగితం ఉంటే ధైర్యం కదక్కా. నేను రాస్తాను. మీకు కాగితం వస్తుంది."

ఆమె చంకలోని పిల్లవాడితో, "చూసినావా కన్నా, అక్క మనకు కాగితం ఇప్పిస్తాదంట" అంది.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. ఇంట్లో ఉండేవాళ్ళే కొద్ది చోటులో చేసుకునే పని అని రాస్తే పసుపు రంగులోనే అది చెల్లిపోయేది. కుట్టుమిషన్లు, ట్యూషన్లు అట్లాగే చెల్లుతున్నాయి. కానీ పద్నాలుగు మంది పిల్లలు, హాజరు బోర్డు, అంకెలు ఉన్న చోటును కొద్దిపాటి పని అని ఎట్లా రాయడం? 'శిశు సంరక్షణ సంస్థ' అని రాశాను. రాసి, మురిసిపోయాను. గలాటా అనే మాట రైటరు దగ్గర వాణిజ్యం అయింది, నా దగ్గర సంస్థ అయింది. ఆ ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు.

పెద్దాయన రిపోర్టు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఎన్ని గంటలకు పోయినావమ్మా?"

"రెండింటికి సార్."

ఆయన నవ్వాడు. "నువ్వు గనోళ్ళ మనవరాలివే కదా. మొదటి షిఫ్టోళ్ళు ఫ్యాక్టరీ నుంచి ఇంగా బస్సు దిగల్యా, రెండో షిఫ్టోళ్ళు అప్పుడే పిల్లోళ్ళను వదిలి బస్సెక్కిండారు. షిఫ్టు మారే టయానికి పోయి తలలు లెక్కబెడితే ఏ గనిలోనైనా రెండింతలు తేలతారు. రేపు పదింటికి పోయి మళ్ళీ చూసి రా. ఆరో, ఏడో ఉంటారు. ఇంటి పని అని రాసెయ్. ముసలాయనతో నేను మాట్లాడతా."

"నేను చూసింది రాశాను సార్. సంస్థ అని ఉంటేనే కదా లైసెన్సు వచ్చేది."

"లైసెన్సు యాడ నుంచి వస్తాదమ్మా? సంస్థ అంటే ఎంత రోడ్డు ఉండాల? ఆ సందులో ఆటో గూడా తిరగదు. కంపెనీ ఇండ్ల హక్కులే ఇంగా తేలల్యా, ఇల్లు ఆయమ్మ పేరు మీదే లేదు. నువ్వు మంచి చేస్తాననుకొని ఆయమ్మను పసుపులోంచి ఎరుపులోకి తోస్తాండావు."

అప్పుడే ఒప్పుకుని ఉంటే ఈ వ్యాసం లేదు. ఆయన చెప్పింది నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకుంటే నా మీద నాకు కాస్త జాలి మిగిలేది. అర్థమై కూడా పదింటికి మళ్ళీ పోలేదు. పోతే నా లెక్క తప్పని నేనే రాయాలి. చదువుకుని వచ్చిన మనిషిని, ఊరగాయ అర ఆయన మాటకు తల ఊపాలి. ఆయన నన్ను తిట్టలేదు. నా రిపోర్టును కూడా ఆ అరలోనే పెట్టాడు.

తరువాత ఎలక్షన్ డ్యూటీ వచ్చి ఆయన్ను వేరే తాలూకాకు పంపారు. ఆయన చోట ఇన్‌చార్జిగా వచ్చినతను చురుకైనవాడు. అదే సమయంలో పెండింగు ఫైళ్ళన్నీ తేల్చెయ్యమని పైనుంచి ఆర్డరు వచ్చింది. "ఈ అరలో ఏముండాయి?" అని అతను అడిగాడు. నేనే లేచి ఊరగాయ అర తెరిచాను. ఊరిగాం ఫైలును నా చేత్తోనే పైన పెట్టాను.

నోటీసు నేనే టైపు చేశాను, ఆఫీసు భాష కన్నడంలో, పద్ధతి ప్రకారం. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకుంటే ఆ వాడకం ఆపించబడుతుంది. నా లెక్కలో అది మొదటి మెట్టు. ఆమె జవాబిస్తుంది, దరఖాస్తు పెట్టుకుంటుంది, మెల్లగా కాగితం వస్తుంది. నోటీసు ముందు వస్తుందని, జవాబు రాయాలని ఆమెకు చెప్పాలి. రేపు పోయి చెబుదామనుకున్నాను. ఆ మరుసటి రోజు నుంచే నాకు వాంతులు మొదలయ్యాయి. రెండో నెల. ఎనిమిది రోజులు మంచం మీదే ఉన్నాను. లైన్ సందు గుర్తొచ్చినప్పుడల్లా అటు తిరిగి పడుకున్నాను, దాన్ని కూడా వేవిళ్ళ ఖాతాలోనే వేశాను.

లేచి ఆఫీసుకు పోయిన రోజే జీపు సిద్ధంగా ఉంది. ఏడు రోజులు అయిపోయాయి, జవాబు రాలేదు. "మేడం, మీరు ఇల్లు చూసిండారు కదా, రండి" అన్నాడు ఇన్‌చార్జి.

మేము ఆ ఇంటికి చేరేసరికి పదకొండయింది. ఆమె నన్ను చూడగానే ఎదురొచ్చింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "రామ్మా, కూర్చో. ఏమి ఇట్ల చిక్కిపోయినావు?" అని, వెనక వచ్చినవాళ్ళను కూడా రమ్మంది. "నీ నోటిమాట నిలబెట్టినావు తల్లీ. కాగితం వచ్చింది."

నాకు అర్థం కాలేదు. ఆమె గోడ వైపు చూపించింది. దేవుళ్ళ పటాల మధ్యలో, అద్దం బిగించిన చట్రంలో, నేను టైపు చేసిన నోటీసు. ఆఫీసు ముద్ర పక్కనే కుంకుమ బొట్టు. పైన ఒక ముద్దబంతి పువ్వు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బజారులో అన్నీ మాట్లాడే మనుషులం మేము. ఆమెకు కన్నడ అక్షరాలు సరిగా రావు. తన పేరును మాత్రం కూడబలుక్కుంది, ముద్రను చూసింది. కాగితం వస్తుందని నేను చెప్పాను, కాగితం వచ్చింది. ఇంకా ఎవరితో చదివించుకోవాలి?

"తల్లులకెవరికన్నా చూపిస్తిరా అక్కా?" అని అడిగాను.

"ల్యా మా. దిష్టి తగులుతాదని ఎవరికీ చూపించల్యా."

ఇన్‌చార్జి ఆ చట్రం వైపు చూశాడు, నా వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. "మేడం, విషయం చెప్పండి" అని మెల్లగా అన్నాడు. నేను చెప్పాను. ఒకసారి చెబితే ఆమెకు అందలేదు. రెండోసారి చెప్పేటప్పుడు పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె లోపలికి పోయి పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అయితే ఇది మూసే కాగితమా?"

అవునని తల ఊపాను.

"నేను దీనికి దినామూ హారతి ఇస్తాంటిని మా" అంది. కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది.

నేను తల తిప్పుకుంటే బోర్డు కనపడింది. బిళ్ళలు ఆరు.

గది ఖాళీ చేసి సీలు వేయాలి. తల్లులకు ఫోన్ చేద్దామంటే ఫ్యాక్టరీ లోపలికి ఫోన్లు పోనివ్వరు, మూడు దాటితే గాని బస్సు రాదు. అప్పుడు పక్కింటి తలుపు తెరుచుకుంది. లుంగీ, భుజాన శాలువా, మెడకు మఫ్లరు, నిద్ర లేని ఎర్ర కళ్ళు. అర్జీ పెట్టిన ముసలాయన.

"ఏమి మా ఇది, జీపుల్లో వచ్చినారు?"

"మీ అర్జీ మీదే అప్పా వచ్చింది," అన్నాడు ఇన్‌చార్జి.

"నా అర్జీనా? గలాటా కొంచెం తగ్గించమని చెప్పండి అంటిని. ముయ్యమని ఏ నాకొడుకు చెప్పె?" అని, ఆవిడ వైపు తిరిగి, "నీకు నేను చెప్పినానా, ముయ్యమని?" అన్నాడు.

"నువ్వు చెప్పలేదులే అన్నా" అంది ఆమె.

ఆయన గది లోపలికి వచ్చి, బోర్డును గోడ నుంచి ఊడదీసి, బిళ్ళలు జారకుండా వంటి మీద శాలువాలో చుట్టుకున్నాడు. "సీలు ఈ ఇంటికే కదా, నా ఇంటికి కాదు కదా. ఏయ్ పిల్లోళ్ళా, నడవండి. గలాటా చేస్తే తంతా." ఆరుగురూ ఆయన వెనక పోయారు. ఒకడు ఆయన మఫ్లరు కొస పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదు.

పిల్లలు అక్కడున్నది మూడు రోజులే. ఆయనకు దగ్గు, రాత్రి కాపలా, ఇక చేతకాలేదు. తల్లుల్లో ఇద్దరు పని మానుకున్నారు. ఒకామె కొడుకును క్యాసంబళ్ళిలో అమ్మగారింట్లో వదిలి ఆదివారాలు మాత్రం చూసి వస్తోందని విన్నాను. మిగిలినవాళ్ళు ఏం చేసుకున్నారో నాకు తెలియదు. అడిగే ముఖం లేదు.

పెద్దాయన ఎలక్షన్ పని ముగించుకుని వచ్చాడు. ఖాళీగా ఉన్న అరను చూశాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు రాసింది అబద్ధం కాదమ్మా," అన్నాడు. "రెండు గంటలకు అది నిజమే."

పదింటి లెక్కతో ఆయనే మళ్ళీ రిపోర్టు రాశాడు, పైవాళ్ళ చుట్టూ తిరిగాడు. రెండు నెలలకు సీలు తీశారు. అప్పటికి ఆమె కాంట్రాక్టరు ద్వారా నరసాపురంలో నేల తుడిచే పనికి చేరిపోయింది. తల్లులు ఎక్కే బస్సును నమ్ముకున్న మనిషి, తనే ఆ బస్సెక్కింది.

చట్టం వద్దని నేను అనడం లేదు. ఊరగాయ అర మంచిదనీ అనడం లేదు. ఆ అరలో మురిగిపోయిన న్యాయాలు కూడా నేను చూశాను. డ్రైనేజీ మీద గోడ కట్టినవాడి ఫైలు అందులోనే ఊరి ఊరి బూజు పట్టింది. ఏది ఊరాలో, ఏది కదలాలో పటం మీద రంగు చెప్పదు. పోయి చూడాలి. ఒకసారి చూస్తే చాలదు, వేరే గంటకు మళ్ళీ పోయి చూడాలి. ఇంతే నేను నేర్చుకున్నది. దీనికి నా కాలేజీ ఐదేళ్ళు, ఆ పద్నాలుగు బిళ్ళలు ఖర్చయ్యాయి.

నాకు పాప పుట్టింది. ఒప్పంద ఉద్యోగం, సెలవు త్వరగా అయిపోయింది. మా ఆయన తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కితే దీపాలు పెట్టాక వస్తాడు. పాపను చూసుకునే మనిషి కోసం ఊరంతా వెతికాను. ఒకరి ఇల్లు ఇరుకు, ఒకరికి ఓపిక లేదు, ఒకరిని చూస్తే నాకు భయం. వెతికిన ప్రతి ఇంట్లోనూ గోడ మీద బోర్డు ఉందా అని నా కళ్ళు వెతికేవి. చివరికి మానేశాను. గడియారం ఇచ్చారు.

నెల కిందట ఊరిగాంలో పాపకు టీకా వేయించి వస్తుంటే కంపెనీ బస్సు ఆగింది. ఆమె దిగింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో క్యారియర్. తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఏమ్మా, పాపా? ఎన్ని నెలలు?" పాప బుగ్గ పట్టుకుంది. "నువ్వు డ్యూటీకి పోతే ఎవరు చూసుకుంటారు?"

"మానేశానక్కా. చూసుకునేవాళ్ళు దొరకలేదు."

ఆమె అనగలిగిన మాటలు ఎన్నో ఉన్నాయి, వాటన్నింటినీ నేను మనసులో ముందే విని పెట్టుకున్నాను. ఆమె మాత్రం రవికలోంచి చిన్న సంచి తీసి, తాళంచెవుల గుత్తి నుంచి ఒక ఇత్తడి బిళ్ళ విప్పింది. ఏడో నంబరు.

"ఆదివారం నాకు లీవు. తెచ్చి వదులు, కొంచెం సేపు నిద్రపో. కండ్లు చూడు ఎట్లుండాయో." బిళ్ళ నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఒక్క పాపకు అయితే మీ రూలు ఒప్పుకుంటాది కదమ్మా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ బిళ్ళను ఆఫీసు గడియారం కింద మేకుకు తగిలించాను.

అప్పటి నుంచి నాలుగు ఆదివారాలు గడిచాయి. నేను పోలేదు. బిళ్ళ ఇంకా మేకుకే ఉంది.